పాచిని తిట్టి లాభం లేదు

మన విద్యార్థి సంఘం వార్షిక సంచికకు ఏదైనా రాయమని అడిగితే, పాచి గురించి రాస్తానన్నాను. సంపాదకవర్గంలో వున్న మిత్రుడు పకపకా నవ్వాడు. "దేశంలో ఇన్ని సమస్యలుండగా నీకు పాచే దొరికిందా?" అన్నాడు. నిజమే. యువతరం బాధ్యతల మీదా, నిరుద్యోగం మీదా, సాహిత్యం మీదా నాకన్నా బాగా రాయగలిగినవాళ్లు ఈ కళాశాలలో చాలామంది వున్నారు. నేను రైతు బిడ్డను. వయసు ఇరవై. చదివేది బి.ఎస్సీ. నాకు కాస్తో కూస్తో తెలిసినవి రెండే: మా పొలం, మా పెరడు. ఆ పెరట్లోని గుంటకు పాచి పట్టింది. దాన్ని వదిలించబోయి నేనొక తప్పు చేశాను. సైన్సు చదవనివాడు చేసే తప్పు కాదది. సైన్సు సగం చదివినవాడు చేసే తప్పు. అందుకే మీతో చెప్పుకోవాలనిపించింది.

మాది డెల్టాలో ఒక పల్లెటూరు. పల్లపు నేల. మా తాతగారు ఇల్లు కట్టినప్పుడు నేల మెరక చెయ్యడానికి పెరట్లోంచే మట్టి తవ్వించారు. తవ్విన చోట గుంట మిగిలింది. వానకు నిండింది, ఊటకు నిలిచింది. పొడవు నలభై అడుగులు, వెడల్పు ముప్ఫై, సగటు లోతు నాలుగు. కొలతకు గుంటే గాని, మా ఇంట్లో అందరం దాన్ని చెరువనే అంటాం. కాలవలు కట్టేసిన రోజుల్లో గేదెలకు అదే ఆధారం. కూరపాదులకు నీళ్లు అక్కణ్ణుంచే. చుట్టాలొస్తే వల వేసి నాలుగు చేపలు పట్టుకోవడమూ అందులోనే. పక్కనున్న బావి నీళ్లు తియ్యగా వుండడానికి కారణం ఆ చెరువేనని మా మామ్మ నమ్మకం. మా వీధిలో ఒకప్పుడు ఇంటింటి వెనకా ఇలాంటి గుంట వుండేదట. ఇప్పుడు మూడు మిగిలాయి. తక్కినవన్నీ పూడ్చి, కొందరు గదులు వేశారు, కొందరు గోడలు కట్టారు.

మా చెరువుకు కొన్నేళ్లుగా వేసవి రాగానే పచ్చదనం కమ్మేస్తోంది. రేవు మెట్లు జారుడుబండలయ్యాయి. మామ్మ ఒకసారి కాలు జారి పడి నెలరోజులు మంచమెక్కింది. వాసన వేరే. చివరికి నాన్న విసిగిపోయి, "రెండు ట్రాక్టర్లకు బదులు ఇరవై ట్రాక్టర్లు పట్టినా సరే, గ్రావెలు పోయించేసి పైన సిమెంటు చేయిస్తాను. వడ్లు ఆరబోసుకోవడానికి కళ్లమైనా అవుతుంది" అన్నారు. నాన్న మాటలో తప్పు పట్టడానికి లేదు. కోతలప్పుడు వాన పడితే ధాన్యం ఆరబెట్టుకోను జాగా లేక రోడ్డు మీద పోసుకునే రైతుకు కళ్లం ఎంత అవసరమో నాకు తెలుసు. కాని మామ్మ ఆ రోజు అన్నం తినలేదు. "ఆయన తవ్వించిన చెరువురా" అని ఒక్క మాట అంది, అంతే.

రెండేళ్ల కిందట మొదటి సంవత్సరం పరీక్షలు రాసి వేసవి సెలవులకు ఇంటికి వెళ్లేసరికి పరిస్థితి ఇది. "పూడ్చకండి నాన్నా, పాచి సంగతి నేను చూస్తాను" అన్నాను. డిగ్రీ చదువుతున్న కొడుకు గదా, నాన్న నమ్మారు.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. మా ఇంట్లో పాచి, నాచు, పాకుడు అని మూడు మాటలు వాడతాం. మెట్లకు పట్టి కాలు జార్చేది పాకుడు. జుట్టులా పీచుపీచుగా పెరిగి చేతికి చుట్టుకునేది నాచు. నీటినే పచ్చగా మార్చేది, పైన తెట్టెలా కట్టేది పాచి. మన పాఠ్యపుస్తకాలు వీటినన్నింటినీ శైవలాలు అని ఒకే మాటలో చుట్టేస్తాయి గాని, పల్లెటూరివాళ్ల విభజనే పనికొస్తుంది. ఎందుకంటే పీచు నాచు చేతితో తీయవచ్చు, పచ్చనీటిని తీయలేం. ఇక ఆకుపచ్చ రంగు డబ్బా ఒలికినట్టు, నీలం కలిసిన పచ్చతో నీటి మీద పొరలా తేలేది అసలు శైవలం కూడా కాదు, సయనోబాక్టీరియా. వాటిలో కొన్ని విషాన్ని తయారుచేస్తాయి. ఆ నీళ్లు తాగి పశువులు చనిపోయిన సంఘటనలు అనేక దేశాల్లో నమోదయ్యాయి. నీళ్లు కాచినా ఆ విషం పోదు. కాబట్టి అలాంటి పొర కనిపిస్తే గేదెల్ని ఆ వైపు పోనివ్వకపోవడం మొదటి పని.

నేనేం చేశానంటే, నేరుగా పురుగుమందుల కొట్టుకు వెళ్లాను. కొట్టాయన మైలుతుత్తం వెయ్యమన్నాడు. అదే కాపర్ సల్ఫేట్. సున్నంతో కలిపి తోటలకు కొట్టే బోర్డో మిశ్రమంలో వుండేదీ అదే. రైతులకు కొత్తది కాదు. ఆయన "రెండు కిలోలు గుమ్మరించెయ్" అన్నాడు. నేను నవ్వుకున్నాను. నేను సైన్సు విద్యార్థిని గదా! పుస్తకం తీసి లెక్క వేశాను. నలభై, ముప్ఫై, నాలుగు గుణిస్తే 4,800 ఘనపుటడుగులు. అంటే సుమారు 1,36,000 లీటర్లు. లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున 136 గ్రాములు. కళాశాల ప్రయోగశాలలో తూచినంత జాగ్రత్తగా కంసాలి తక్కెడలో తూయించి, బకెట్టు నీళ్లలో కరిగించి, చెరువంతా చల్లాను. లెక్కలో తప్పు లేదు. ఇప్పటికీ లేదనే అంటాను.

రెండో రోజుకు పచ్చదనం తగ్గి నీళ్లు గోధుమరంగుకు తిరిగాయి. నాన్న భుజం తట్టారు. మూడో రోజు తెల్లవారుజామున మామ్మ కేక విని పరుగెత్తాం. చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని గాలి మింగుతున్నాయి. పొద్దెక్కేసరికి బొచ్చెలు, శీలావతులు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. నాలుగేళ్ల నుంచి మామ్మ రోజూ చేత్తో మెతుకులు వేసి పెంచిన బొచ్చె ఒకటి వాటిలో వుంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

చచ్చిన చేపల్ని తట్టలకెత్తి కొబ్బరి పాదుల్లో పాతేస్తుంటే ఒక సంగతి కనిపించింది. కొరమీనులు చావలేదు. మట్టగిడసలు చావలేదు. బురదలో హాయిగా తిరుగుతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, జంతుశాస్త్రంలో చదివిన పాఠం: ఈ చేపలకు మొప్పలతోబాటు గాలిని నేరుగా పీల్చుకునే అదనపు శ్వాసాంగాలుంటాయి. అంటే మిగిలిన చేపల్ని చంపింది తుత్తం ఒక్కటే కాదన్నమాట. ఊపిరాడక చచ్చాయి. చెరువు నిండా వున్న పాచిని నేను ఒక్క రోజులో చంపాను. అంత పాచీ ఒకేసారి కుళ్లడం మొదలెట్టింది. కుళ్లబెట్టే బాక్టీరియా నీటిలోని ఆమ్లజనినంతా లాగేసుకుంది. దానికి తోడు ఎండాకాలం. 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల చొప్పున ఆమ్లజనిని పట్టుకోగలిగితే, 30 డిగ్రీల నీరు ఏడున్నరకు మించి పట్టుకోలేదు. రాత్రిపూట కిరణజన్య సంయోగక్రియ వుండదు, శ్వాసక్రియ మాత్రం ఆగదు. అందుకే తెల్లవారుజామున చేపలు తేలాయి. భీమవరం, కైకలూరు ప్రాంతాల్లో చేపల రైతులు చెరువుల్లో ఏరియేటర్లు తిప్పేది ఈ భయంతోనే. తుత్తం వాడాల్సివస్తే చెరువును మూడు భాగాలు చేసి, కొన్ని రోజుల ఎడంతో ఒక్కో భాగానికే వాడాలని తర్వాత చదివాను. నేను చదివిన పేజీ తర్వాతి పేజీలో వుంది ఆ సంగతి!

ఇంత జరిగాక, మూడు వారాలకు చెరువు మళ్లీ పచ్చబడింది. ఇదివరకటికన్నా చిక్కగా.

అప్పుడు నాకు పట్టుదల పుట్టింది. సెలవులైపోయాక రెండు సీసాలు కడిగి, ఒకదానిలో గేదెల సావిడి నుంచి చెరువులోకి పోయే కాలవ నీళ్లూ, రెండోదానిలో చెరువు నీళ్లూ నింపుకుని కళాశాలకు తెచ్చాను. మా మేడమ్ దగ్గర అనుమతి తీసుకుని ఫాస్ఫేటు పరీక్ష చేశాను. మాలిబ్డేటు కలిపితే ఫాస్ఫేటు వున్నమేరకు నీలిరంగు వస్తుంది. ఈ నీలిరంగు సూత్రం మీదనే ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి రూపొందించినవారు మన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. ఆయన కొలిచింది రక్తంలోనూ మూత్రంలోనూ. నేను కొలిచింది గేదెల కాలవలో. కాలవ నీళ్లు సిరాలా నీలంగా మారాయి. చెరువు నీళ్లను వడగట్టి చేస్తే మాత్రం రంగు అంతంత మాత్రం.

నాకు అర్థం కాలేదు. చెరువులో ఫాస్ఫేటే లేకపోతే పాచి ఎలా పెరుగుతోంది? మేడమ్ నవ్వి, "పాచిని వడగట్టి పారేసి, నీళ్లలో వెతుకుతున్నావు బాబూ. వెతకాల్సింది ఆ వడగట్టిన కాగితం మీద" అన్నారు.

నా చదువంతటిలో నేను నేర్చుకున్న పాఠం అదొక్కటే అనిపిస్తుంది. చెరువులోకి వచ్చిన ఫాస్ఫరస్ అంతా పాచి ఒంట్లో వుంది. తుత్తం వేసి పాచిని చంపితే ఆ ఫాస్ఫరస్ మళ్లీ నీటిలోకి వస్తుంది. తర్వాతి పాచికి అదే విత్తనం, అదే ఎరువు. విషమున్న సయనోబాక్టీరియా అయితే చచ్చేటప్పుడు తన విషాన్ని కూడా నీటిలోకి వదిలిపెట్టి పోతుంది. ఇక తుత్తంలోని రాగి మూలకం. అది విరిగిపోదు, ఆవిరైపోదు. నేను వేసిన 136 గ్రాముల్లో 35 గ్రాముల రాగి ఈనాటికీ మా చెరువు బురదలోనే వుండాలి. ఒక్కసారికి అది పెద్ద లెక్క కాదు. ఏటేటా వేస్తే పేరుకుంటుంది. డబ్బిచ్చి కొనుక్కున్న అప్పులాంటిది.

ఫాస్ఫరస్ ఒక్కదానికే ఇంత ప్రాముఖ్యమా అని మీరు అడగవచ్చు. కెనడాలోని ఒంటారియోలో 226 అనే నంబరుతో పిలిచే ఒక సరస్సు వుంది. నడుమ సన్నబడి, రెండు గుంటలు కలిసినట్టుంటుంది. 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం ఆ సన్నటి చోట ప్లాస్టిక్ తెర అడ్డం కట్టి, ఒక వైపు కర్బనం, నత్రజని మాత్రమే కలిపారు. రెండో వైపు వాటితోబాటు ఫాస్ఫరస్ కూడా కలిపారు. ఫాస్ఫరస్ కలిపిన వైపు పచ్చగా పాచి కమ్మింది. రెండో వైపు మామూలుగా వుండిపోయింది. విమానంలోంచి తీసిన ఆ ఫోటో చూస్తే ఉపన్యాసం అక్కర్లేదు. ఒక గ్రాము ఫాస్ఫరస్, మిగతావన్నీ అందుబాటులో వుంటే, అయిదు వందల గ్రాముల పచ్చి పాచిని పెంచగలదని శాస్త్రజ్ఞుల అంచనా.

ఆ లెక్కను మా ఇంటికి తెచ్చి చూశాను. డి.ఎ.పి. ఎరువులో ఫాస్ఫరస్ ఇంచుమించు అయిదో వంతు. కిలో డి.ఎ.పి.లో 200 గ్రాములు. అంటే కిలో ఎరువు చెరువులో పడితే క్వింటాలు పాచికి సరిపడా తిండి! మేం సార్వాకూ దాళ్వాకూ ఎరువులు చల్లాక ఖాళీ సంచుల్ని ఎక్కడ జాడిస్తాం? చెరువు రేవులో. సంచి మూలల్లో ఒక గుప్పెడు, యాభై గ్రాములు మిగిలినా అయిదు కిలోల పాచి. సావిడి కడిగిన పేడనీళ్లు ఎటు పోతాయి? చెరువులోకి. అంట్లు తోమిన నీళ్లు? చెరువులోకి. చేపలకని తట్టలకొద్దీ వేసే తవుడు? తిన్నది తినగా తక్కింది అడుగున కుళ్లుతుంది. గట్టు మీది చింతచెట్టు ఆకు, కొబ్బరి చెత్త, అన్నీ అందులోకే. ఇన్నేళ్లూ చెరువులో వేసిందంతా మేమే. అది పచ్చని అక్షరాలతో పద్దు రాసి చూపిస్తే, దాన్ని తిట్టిందీ మేమే.

నేను చెప్పదలచుకున్నది ఇంతే: పాచి రోగం కాదు, పద్దు. పద్దు నచ్చకపోతే కాగితం చింపినందువల్ల లాభం లేదు. ఖర్చు తగ్గించుకోవాలి. ఆ పని పేదవాడు కూడా చెయ్యగలడు. మేం చేసింది చెబుతాను.

మొదట రాక ఆపాం. సావిడి కాలవను తిప్పి అరటి బోదెల మధ్యకూ, చేమదుంపల మడిలోకీ మళ్లించాం. ఆరడుగుల గొట్టం ఒకటి కొన్నాం. మొత్తం పనిలో మేం డబ్బు పెట్టి కొన్న ముఖ్యమైన వస్తువు అదే. అంట్లు తోమే బండను రేవు నుంచి లేపి అరటి పాదుల దగ్గర వేశాం. ఇందుకు అమ్మను ఒప్పించడం రసాయనశాస్త్రం కన్నా కష్టమైంది. నీళ్లు మోసుకెళ్లాలి గదా మరి. చివరికి ఆ మోత నేనూ తమ్ముడూ పంచుకున్నాం. ఎరువు సంచులు పొలంలోనే దులిపి తేవడం అలవాటు చేసుకున్నాం. అరటి గెలలు ఇప్పుడు ఎలా వున్నాయో వచ్చి చూడండి! చెరువుకు శత్రువైనది అరటికి అన్నమైంది. ఎక్కడుండాల్సింది అక్కడ లేకపోవడమే కాలుష్యమంటే.

తర్వాత, వున్నదాన్ని బయటికి తీశాం. పీచు నాచును పంగలకర్రతో చుట్టి లాగడం మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. తీసిన నాచును ఒక పూట గట్టు వాలులోనే వుంచితే అందులో చిక్కుకున్న చిన్నచిన్న ప్రాణులు మళ్లీ నీళ్లలోకి జారుకుంటాయి. ఆ తర్వాత దాన్ని తప్పకుండా దూరంగా పెంటకుప్పలో వెయ్యాలి. గట్టు మీదే వదిలేస్తే వానకు మళ్లీ చెరువులోకే చేరుతుంది. ప్రతి తట్ట నాచుతోబాటూ కొంత ఫాస్ఫరస్ బయటికి పోతుంది. తుత్తానికీ పంగలకర్రకూ తేడా ఇక్కడే వుంది. ఒకటి పాచిని చంపుతుంది, రెండోది చెరువు బరువు దించుతుంది.

నిరుడు కాలవలు కట్టేసిన రోజుల్లో, నీళ్లు అడుగంటినప్పుడు, పూడిక తీశాం. అడుగు బురదలో ఏళ్ల తరబడి పేరుకున్న ఫాస్ఫరస్ వుంటుంది. అడుగున ఆమ్లజని తగ్గినప్పుడల్లా అది మళ్లీ పైకి వస్తుంది. పదకొండు రోజులు, రోజూ తెల్లవారుజామున రెండు గంటలు, పారా తట్టా పట్టుకుని నాన్న, తమ్ముడు, నేను. కూలీల్ని పెట్టలేదు. ఆ ఒండ్రు కొబ్బరి పాదులకూ, కూరమళ్లకూ పోసుకున్నాం. ఇదేం కొత్త విద్య కాదు. వేసవిలో చెరువు మట్టి పొలానికి తోలుకోవడం మన పెద్దల అలవాటు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసి, ఆ మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నదీ ఇదే పద్ధతి. ఎరువుల సంచి వచ్చాక మనం ఆ అలవాటు మరిచాం. మరిచినందుకు పొలమూ నష్టపోయింది, చెరువూ నష్టపోయింది.

నాలుగోది నీడ. పాచికి తిండితోబాటు ఎండ కూడా కావాలి. ఒక మూల తామర దుంపలు, ఇంకో మూల కలువలు నాటాం. పక్క ఊరి చెరువులోంచి తెచ్చుకున్నవి, ఖర్చు లేదు. సగం నీటిని ఆకులు కప్పితే చాలు. అంతకన్నా మించితే కోసెయ్యాలి. గట్టు వెంట తూటికూర వేశాం. అది నీటిలోని ఎరువును పీల్చుకుంటుంది, మనం దాన్ని కోసుకుంటాం. మా చెరువులోకి మురికి రాక ఆగిపోయింది గనక కూరకు వాడుకుంటున్నాం. మురుగు కలిసే చోట పెరిగినదాన్ని మాత్రం తినకూడదు.

చెయ్యకూడనివి కూడా చెప్పాలి. ఎరువు పీల్చుకుంటుంది గదా అని గుర్రపుడెక్క తెచ్చి వేస్తే, ఆరు నెలల్లో చెరువు కనిపించదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క మన కాలవల్ని ఏం చేసిందో అందరం చూస్తూనే వున్నాం. పాచి తింటాయని చేపల్ని ఎక్కువగా వదలడం కూడా పొరపాటు. బంగారుతీగ అడుగు బురద కెలికి ఫాస్ఫరస్‌ను పైకి తెస్తుంది. బొచ్చె, పాచిని తినే డాఫ్నియా వంటి సూక్ష్మజీవుల్నే తినేస్తుంది. పిల్లిని తోలేసి ఎలుకలు పెరిగాయంటే ఏం లాభం? చేపలు కొద్దిగానే వుండాలి, తవుడు చిటికెడే వుండాలి. ఇంగ్లండులో పాచి పట్టకుండా బార్లీ గడ్డి మూటలు కట్టి నీళ్లలో వేస్తారు. కొన్ని చోట్ల పనిచేసింది, కొన్ని చోట్ల చెయ్యలేదు. అది విని మన వరిగడ్డి మోపులకు మోపులు పడేస్తే, అది కుళ్లి మళ్లీ ఆమ్లజనికే ఎసరు. చిల్లగింజ అరగదీస్తే తేరేది మట్టినీరే గాని పచ్చనీరు కాదు.

ఫలితం ఎలా తెలుస్తుంది? 1865లో ఇటలీలో సెక్కి అనే ఒక మతాచార్యుడు, ఖగోళ శాస్త్రజ్ఞుడు, సముద్రపు నీరు ఎంత తేటగా వుందో కొలవడానికి తెల్లటి బిళ్లను తాడు కట్టి దించాడు. అది కనిపించకుండా పోయిన లోతే కొలత. మేం పాత డబ్బా మూతకు తెలుపు నలుపు రంగులు పూసి తాడు కట్టాం. తుత్తం వేసిన వేసవిలో, మళ్లీ పచ్చబడ్డాక, ఆ లోతు జానెడు కూడా లేదు. మొన్న సంక్రాంతికి కొలిస్తే మూరెడు దాటింది. జానెడు నుంచి మూరెడుకు రావడానికి మాకు ఇరవై నెలలు పట్టింది. వేసవి వస్తే కొంత తగ్గుతుందని నాకు తెలుసు. చెరువు అద్దంలా మెరవాలని నేను కోరుకోవడం లేదు కూడా. కాస్త పచ్చదనం లేని చెరువులో చేపకు తిండి వుండదు. పాచి వుండాలి, పెత్తనం చెయ్యకూడదు.

నాన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "ఈ వేసవి కూడా చూద్దాం" అన్నారు. కళ్లం అవసరం అలాగే వుంది. ఈ మే నెలలో చెరువు మళ్లీ కంపు కొడితే గ్రావెలు ట్రాక్టరు రావడం ఖాయం. నా పరీక్షల ఫలితాలకన్నా ఆ ఫలితం కోసమే నాకు ఎక్కువ గుబులుగా వుంది.

చివరిగా, గురువులకూ తోటి విద్యార్థులకూ ఒక మనవి. స్పైరోగైరా బొమ్మ గీసి, హరితరేణువును మెలికలు తిప్పి, భాగాలు గుర్తించి, మనమంతా మార్కులు తెచ్చుకున్నాం. కాని ఆ స్పైరోగైరా మన వృక్షశాస్త్ర విభాగం వెనక కలువల తొట్టిలోనే పీచులు పీచులుగా పెరుగుతోందని ఎంతమందిమి చూశాం? రాలిన ఆకులు తీసే నాథుడు లేక అదీ పచ్చబడింది. దానికి మందు కొనమని నేను అడగడం లేదు. ఒక పంగలకర్ర, ఒక డబ్బా మూత, వారానికి ఒక గంట చాలు. మనలో సగానికి సగం మంది పల్లెల నుంచి వచ్చినవాళ్లం. సెలవులకు వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరం ఒక సీసా పట్టుకెళ్లి, మన ఊరి చెరువు నీళ్లు తెచ్చి ఈ ప్రయోగశాలలో పరీక్ష చేస్తే, అంతకన్నా మంచి ప్రాజెక్టు ఏముంటుంది? సుబ్బారావుగారి ఊరి చుట్టుపక్కల ఎన్ని చెరువులున్నాయో, అన్ని సీసాలు నిండాలి.

నేను సగం సైన్సుతో మామ్మ చేపను చంపాను. మిగతా సగం నేర్చుకోవడానికి మళ్లీ ఆ చెరువు గట్టుకే వెళ్లాల్సివచ్చింది. మీరు ముందే వెళ్లండి. వెళ్లినప్పుడు పాచిని తిట్టకండి. అది రాసిన పద్దు చదవండి. మన చేతిరాతే అక్కడ కనిపిస్తుంది.